మిరపకాయ లేని వంటింట్లో ప్రేమకథ

చెల్లాయ్, మొన్న ఫోనులో అడిగావు చూడు, "అక్కా, నేనూ ఒక చారిత్రక ప్రేమ నవల రాద్దామనుకుంటున్నాను. రాజులు, రాణులు, గుర్రాలు, వెన్నెల... ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?" అని. ఆ పూట పొయ్యి మీద పాలున్నాయి, మనసంతా వాటి మీదే. ఏదో ఊఁ కొట్టి పెట్టేశాను. ఇవాళ తీరిగ్గా కూర్చున్నాను, నువ్వూ కూర్చో. గుర్రాల సంగతి తర్వాత చూద్దాం. ముందు వంటింట్లోకి పద.

నా మొదటి నవల సంగతి నీకు తెలుసుగా. కాకతి గణపతిదేవుడి కాలం, మోటుపల్లి రేవు. నాయిక ఒక ఓడ వర్తకుడి కూతురు. నాయకుడు రేవులో సుంకాల లెక్కలు రాసే కుర్రాడు. మూడో ప్రకరణంలో ఆ పిల్ల తండ్రి మీద అలిగి, రోట్లో ఎండుమిరపకాయలు పోసుకుని దంచుతుంది. కోపమంతా రోకలిదే. ఘాటుకి కన్నీళ్ళో, కడుపులో బాధకి కన్నీళ్ళో ఎవరికీ తెలియకుండా ఏడుస్తుంది. రాసి మురిసిపోయాననుకో. ఆ రాత్రే మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మిరపకాయలు మనకి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చాయి కదూ?" అన్నారు.

అంతే. వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498లో. నా పిల్ల రోకలి పట్టుకున్నది 1244 ప్రాంతంలో. రెండున్నర శతాబ్దాల ముందే మిరపకాయలు దంచేసింది మహాతల్లి!

మిరపకాయ ఒక్కటీ పోతే సరిపెట్టుకుందును. వెతుకుతూ పోతే వంటిల్లు సగం ఖాళీ అయింది. టమాటా లేదు, బంగాళాదుంప లేదు. జామకాయ, బొప్పాయి, జీడిపప్పు, వేరుశనగ, మొక్కజొన్న అన్నీ సముద్రం అవతలివే. తాతగారి నోట్లో పెట్టిన చుట్ట కూడా తీసేయాల్సి వచ్చింది. పెళ్ళిపందిరికి ముచ్చటపడి కట్టిన బంతిపూల తోరణం సంగతి చెబితే నవ్వుతావు. బంతి మెక్సికో పువ్వుట! పండగపూట గుమ్మానికి అది లేకపోతే మనకి పండగలాగే ఉండదు గానీ, కాకతీయుల గుమ్మాలకి ఆ పువ్వు తెలియనే తెలియదు.

సరే, మిగిలిందేమిటి? మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలు, నువ్వులు, చింతపండు. పూలలో మల్లె, సంపెంగ, మొగలి, పొగడ, కలువ. మళ్ళీ రోటి దగ్గరికే వెళ్ళి, పిల్ల చేత మిరియాలు దంచించాను. మిరియాలతో వచ్చిన చిక్కేమిటంటే తుమ్ములొస్తాయి. ఏడుస్తున్న పిల్ల గబగబా నాలుగు తుమ్ములు తుమ్మింది. అటుగా వచ్చిన తల్లి ఆపుకోలేక నవ్వింది. పిల్లకీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తల్లికి లోపలి సంగతి తెలిసిపోయింది. నేను అనుకున్న సన్నివేశం కాదిది, దానికంటే మంచిది. పైగా ఆ రోట్లో నలిగిన మిరియాలు రేవులో సుంకం కట్టి వచ్చినవే. వాటి లెక్క రాసినవాడు ఎవడనుకున్నావ్?

రాతి స్తంభం ఇచ్చిన కథ

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చినగంజాం పక్కన చిన్న ఊరు. వీరభద్రస్వామి గుడిలో స్తంభం మీద గణపతిదేవుడి అభయశాసనం ఉంది. శకవర్షం 1166, అంటే మన లెక్కలో 1244-45. చదివే ముందు నేను అనుకున్నదేమిటి? రాజుగారి బిరుదులు, దండయాత్రలు ఉంటాయనుకున్నాను. ఉన్నాయి కూడా. కానీ అసలు సంగతి వేరు. పూర్వపు రాజులు, ఓడ తుపానుకి పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే, ఆ సరుకంతా లాగేసుకునేవారట. మేము అలా చెయ్యం, న్యాయమైన సుంకం తప్ప ఏమీ పుచ్చుకోమని గణపతిదేవుడు వర్తకులకి అభయమిచ్చాడు. కింద సుంకాల పట్టిక. మంచిగంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టు, పగడం, మిరియాలు, వక్కలు.

అప్పటికి నా కథలో పెద్ద చిల్లు ఒకటుంది. ఆ రోజుల్లో ఆడపిల్లలకి చిన్నతనంలోనే పెళ్ళి చేసేసేవారు. మరి నా పిల్లకి పందొమ్మిదేళ్ళు. ఇంకా పుట్టింట్లో ఎందుకుంది? ఈ కాలపు పిల్లలా "నాకిప్పుడే పెళ్ళి వద్దు" అనడానికి వీల్లేదు. ఆరు నెలలు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. స్తంభం మీది ఆ ఒక్క మాటతో ముడి విడింది. అభయశాసనానికి ముందు తండ్రి ఓడ ఒకటి తుపానులో పగిలింది. ప్రాణాలు దక్కాయి గానీ, ఒడ్డుకి చేరిన సరుకు అధికారుల పాలైంది. కట్నకానుకల మాట అటుంచి, అప్పులవాళ్ళే గుమ్మం ముందు కూర్చున్నారు. కుదిరిన సంబంధం తప్పిపోయింది, ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు రాజు కొత్త మాట ఇచ్చాడు. ఆ మాట నమ్మి తండ్రి మళ్ళీ ఓడ వేస్తాడా, వెయ్యడా? ఆ మాట నిలబెట్టాల్సిన రేవులో లెక్కలు రాసేవాడే మన కుర్రాడు. చూశావా, పెళ్ళి, ప్రేమ, రాజశాసనం ఒక్క ముడిలో పడ్డాయి. నేను ఊహించి ఉంటే ఏ దుష్టుడైన మేనమామనో తెచ్చి పెట్టేదాన్ని.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ స్తంభం దొరికిన సంతోషంలో ఒక ఏడాది పాటు నేను నవల రాయడం మానేసి సుంకాలు చదివాను. ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాలు, సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర, వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు. 1918 నుంచి నడుస్తున్న గ్రంథాలయం కదా, కాలు పెడితే బయటికి రాబుద్ధి కాదు. ఓడల మీద ఒక నోటుబుక్కు, నేతబట్టల మీద ఒకటి, తూనికల మీద ఒకటి. ఎవరైనా అడిగితే "నవల రాస్తున్నాను" అనేదాన్ని. ఒక్క పేజీ రాస్తే ఒట్టు! ఇది మంచి బద్ధకం, చెల్లాయ్. చదువుతున్నట్టే ఉంటుంది, రాయకుండా తప్పించుకుంటున్నామని మనకే తెలియదు. చివరికి సుంకాల మీద పదకొండు పేజీలు రాసి, అచ్చుకి ఇచ్చే ముందు రెండు వాక్యాలు ఉంచి మిగతావి కొట్టేశాను. కొట్టేసినవి వృథా కాలేదులే. కుర్రాడు గంటం పట్టుకున్నప్పుడు వాడి చేతికి తడబాటు లేదంటే, ఆ పేజీల చలవే.

కబురు పంపకూడదు

వంటిల్లు సర్దుకున్నాక నోళ్ళు సర్దాల్సి వచ్చింది. "అతడికి కబురు పంపింది" అని రాశాను. కబురు అరబ్బీ మాట, ఖబర్. పోనీ "కాగితం మీద రాసింది" అందామంటే కాగితమూ మనది కాదు, ఆ మాటా మనది కాదు. అప్పుడు తాటాకే. ఇక మొదలు! రోజు, జవాబు, జేబు, ఖర్చు, బజారు, దుకాణం, తయారు, కిటికీ, కుర్చీ, గులాబీ, రుమాలు, హుకుం, దర్బారు... ఒక్కోటి ఏరుతుంటే బియ్యంలో రాళ్ళు ఏరినట్టే ఉంది. ఎక్కువ భాగం తర్వాతి రాజ్యాలతో వచ్చి మన నోళ్ళలో స్థిరపడిపోయిన మాటలు.

మరి అన్నీ తీసేస్తే ఏ భాషలో రాయాలి? రెండో పక్క గొయ్యి ఇంకా లోతు. "ప్రాణేశ్వరీ, నీ విరహాగ్నిలో..." అని మొదలెడితే పాఠకురాలికి కిరీటాలు, అట్టముక్క కత్తులు గుర్తొస్తాయి. అందుకని నాకు నేను ఒక కట్టు పెట్టుకున్నాను. కథ చెబుతున్నది నేను, ఈ కాలపుదాన్ని. కాబట్టి నా వాక్యాల్లో రోజు, ఖర్చు ఉండొచ్చు. పాత్రలు నోరు విప్పినప్పుడు మాత్రం ఆ మాటలు రాకూడదు. అలాగని సంస్కృత సమాసాలూ రాకూడదు. మిగిలినవి మా అమ్మమ్మ వంటింటి మాటలు.

అప్పుడేమైందంటే, "కబురు పంపింది" కాస్తా "చెప్పి పంపింది" అయింది. "ఏమని చెప్పి పంపను?" అంటుంది పిల్ల దాసితో. కబురులో వార్త ఉంది, ఇందులో పిల్ల గొంతు ఉంది. కిటికీ తీసేశాక, ఆమె అతణ్ణి చూడ్డానికి పెరటి తడిక సందు మిగిలింది. తడిక సందులోంచి మనిషి మొత్తం కనబడడు. ఓసారి భుజం, ఓసారి చెవికి ఉన్న పోగు, ఓసారి సిరా లేని గంటం పట్టుకున్న వేళ్ళు. మూడు ప్రకరణాల పాటు అతణ్ణి ముక్కలు ముక్కలుగానే చూసింది పాపం.

"ఐదు నిమిషాలు ఆగు" అనడానికి కూడా లేదు. రోజుకి అరవై గడియలు, గడియకి మన లెక్కలో 24 నిమిషాలు. జాము అంటే మూడు గంటలు. అంతకంటే చిన్న కాలం కావాలంటే రెప్పపాటు, తాంబూలం నమిలేంత సేపు, బిందె నిండేంత సేపు. వాళ్ళిద్దరూ చెరువు గట్టున మాట్లాడుకున్నది బిందె నిండేంత సేపే. బిందె నిండాక కూడా వంగి ఇంకా ముంచుతూ ఉందంటే, ఆ పిల్ల గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

మనలాంటి నాయిక

ఇక్కడే చాలామందిమి జారిపడతాం. నాయికకి కత్తి ఇచ్చి, గుర్రం ఎక్కించి, "ఆడది అబల కాదు" అని ఉపన్యాసం ఇప్పిస్తాం. రుద్రమదేవి ఉందిగా అంటాం. ఉంది నిజమే, కానీ ఆమెలాంటివాళ్ళు అరుదు. ఆమెనైనా పెద్ద పేరున్న యాత్రికుడు ఎలా అర్థం చేసుకున్నాడో చూడు. మార్కోపోలో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ, భర్త చనిపోయాక రాణి ఏలుతోందన్నాడు. ఆమె గణపతిదేవుడి కూతురు! సాలెగూడులాంటి సన్నని బట్టల గురించి అంత బాగా చెప్పినవాడు, కూతుర్ని పెళ్ళాన్ని చేసేశాడు. రేవులో ఎవరో చెప్పినది వినే ఉంటాడు. ఏ శాసనమైనా ఎప్పుడైనా మన కథని తలకిందులు చెయ్యొచ్చు కూడా. నల్లగొండ వైపు చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం రుద్రమదేవి అప్పటికే పోయిందని చెప్పింది. అంతకుముందు పుస్తకాల్లో ఆమె ఇంకా కొన్నేళ్ళు ఏలింది.

సరే, రాణి కాని ఆడదాని సంగతి? ఆమెకి ఏ స్వేచ్ఛ ఉండేదో వెతికాను. శాసనాల్లో దొరికింది. గణపతిదేవుడి సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించింది. గుడిసానులు, అంటే గుడి సేవలో ఉన్న ఆడవాళ్ళు, తమ సొమ్ముతో తామే దానాలు చేశారు. గుడిలో అఖండదీపానికి ఆవుల్నో గొర్రెల్నో ఇచ్చిన ఆడవాళ్ళ పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి. ఆ మంద పాల నెయ్యితో దీపం ఆరకుండా వెలగాలన్నమాట. శాసనంలో ఆమె పేరుంటుంది, మంద లెక్క ఉంటుంది, ఎవరి పుణ్యానికో ఉంటుంది. ఆమె మనసులో ఏముందో ఉండదు. ఆ ఉండనిదే మన వాటా, చెల్లాయ్. రాయి చెప్పినదాన్ని మార్చే హక్కు మనకి లేదు. రాయి చెప్పనిదాన్ని చెప్పే హక్కు ఉంది.

నా పిల్ల కత్తి పట్టలేదు. కుర్రాడు ఓడ మీద లెక్కలు రాయడానికి దూరదేశం వెళ్ళాక, అమ్మ ఇచ్చిన కంటె అమ్మి, గొర్రెల్ని కొని, గుడిలో దీపం పెట్టించింది. రాతి మీద "తండ్రికి పుణ్యముగా" అని చెక్కించింది. ఊరంతా మెచ్చుకుంది. ఆ దీపం ఎవరి కోసమో నీకూ నాకూ తెలుసు.

పేర్ల దగ్గర కూడా పోట్లాటే. శాసనాల్లో మైలమ, కుందమ, కాచమ, మాచమ, ఇలాంటివే ఆడవాళ్ళ పేర్లు. నేను మాచమ అని పెట్టాను. చదివిన మొదటి స్నేహితురాలు, "పేరు ముద్దుగా లేదే, మధురిమ అని పెట్టకూడదూ" అంది. ఇంకా తమాషా ఏమిటంటే, నిజమైనవి రాసినా నమ్మరు. రామప్పగుడిలో, అదే 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిలో, మదనిక శిల్పం ఒకటి ఎత్తు మడమల జోళ్ళు తొడుక్కున్నట్టే ఉంటుంది. వెళ్ళినవాళ్ళందరికీ గైడులు చూపిస్తారు. ఆ జోళ్ళు నా నవల్లో నాట్యగత్తెకి తొడిగాను. "అక్కా, ఇది మరీ సినిమా" అన్నారు. తీసేశాను. నిజమే అయినా, అక్కడ ఆగి పాఠకురాలు అనుమానపడితే కథ చెయ్యి జారిపోతుంది.

అట్ట సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బుతుంది. లోపల అంత కష్టపడి బంతిపూలన్నీ ఏరేశానా? పుస్తకం చేతికొచ్చాక చూస్తే, అట్ట మీద నా మాచమ మెడలో నిండుగా బంతిపూల దండ!

సిగ్గు పడకుండా ఎలా రాయాలి

ఇది అడగడానికి నువ్వు మొహమాటపడ్డావు, నేనే చెబుతాను. ప్రేమ సన్నివేశం రాసేటప్పుడు నా వెనక మా అత్తగారు నిలబడి చదువుతున్నట్టే ఉండేది. అందుకని ప్రతిసారీ దీపం ఆర్పేసి, రెండు పూలు రాల్చేసి, తెల్లవారిందని రాసేదాన్ని. ఆ భయం పోగొట్టింది గాథాసప్తశతి. శాతవాహన హాలుడు కూర్చిన ఏడు వందల ప్రాకృత గాథలు. మన గోదావరి ఒడ్డు ఆడవాళ్ళు, అత్తలు, కోడళ్ళు, పొలం పనివాళ్ళు. కోరిక గురించి ఎంత మామూలుగా మాట్లాడతారో! ఒక చూపు, ఒక సాకు, ఒక గుంభనమైన మాట, అంతే. మన పూర్వికులకి లేని సిగ్గు మనం కొత్తగా తెచ్చి వాళ్ళ నెత్తిన పెడుతున్నామని అర్థమైంది. అలాగని నేనేమీ తెగించలేదులే. దీపం ఆర్పడం మానేశాను, అంతవరకు.

మనకంటే ముందు నడిచినవాళ్ళనీ చదువు. చిలకమర్తివారి హేమలత 1896 నాటిది. అడవి బాపిరాజుగారు చిత్రకారులు కదా, హిమబిందులో, గోన గన్నారెడ్డిలో బట్టల రంగులు, నగల పనితనం కళ్ళకు కడతాయి. రేపల్లెలో వకీలుగా ఉంటూ రుద్రమదేవి రాసిన నోరి నరసింహశాస్త్రిగారి దగ్గర శాస్త్రాల పట్టు నేర్చుకోవచ్చు. తంజావూరు పతనం రాసిన మల్లాది వసుంధరగారిని తప్పకుండా చదువు, ఆడవాళ్ళు ఈ దారిలో ఎప్పుడో నడిచారని ధైర్యం వస్తుంది. చదివాక పుస్తకాలు మూసేసి వారం ఆగు. లేకపోతే నీ నాయిక వాళ్ళ నాయికలా నడుస్తుంది.

వెన్నెల తప్పు

చివరగా నా పెద్ద తప్పు చెప్పి వదిలేస్తాను. మిరపకాయలు, కబుర్లు, బంతిపూలు అన్నీ ఏరేసి, ఇక నన్నెవరూ పట్టలేరనుకున్నాను. నవల అచ్చయింది. రెండు నెలలకి ఒక పోస్టుకార్డు వచ్చింది. గుంటూరు జిల్లా పల్లెటూరి పెద్దావిడ, ముత్యాల్లాంటి అక్షరాలు. "అమ్మాయీ, శివరాత్రి వెళ్ళిన తొమ్మిదోనాటి రాత్రి నీ పిల్లా పిల్లాడూ సముద్రపొడ్డున కలుసుకున్నారు. తెల్లవార్లూ నిండు వెన్నెల కురిపించావు. ఆ రాత్రి అష్టమి కదమ్మా. అర్ధరాత్రికి చంద్రుడు అస్తమించడూ?"

వేళ్ళమీద లెక్కపెట్టాను. చతుర్దశి, అమావాస్య, పాడ్యమి, విదియ... తొమ్మిదోనాటికి అష్టమే. ఏడాది పాటు ఎనిమిది వందల ఏళ్ళ నాటి సుంకాలు చదివిన దాన్ని, ఆకాశం వైపు ఒకసారి తలెత్తి చూడలేదు.

రెండో ముద్రణకి ఆ ప్రకరణం మళ్ళీ రాశాను. ఇప్పుడు సగం చంద్రుడు. ఆ కొంచెం వెలుగులో అతను చెప్పాల్సింది చెప్పలేకపోయాడు. గాలి తిరగగానే ఓడ ఎక్కుతున్నానని, తిరిగి రావడానికి గాలి మళ్ళీ తిరగాలని. అర్ధరాత్రి చంద్రుడు దిగిపోయాడు. ఒకరి ముఖం ఒకరికి కనిపించని చీకట్లో, అప్పుడు నోరు విప్పాడు. ఆమె ఏడ్చిందో లేదో అతనికి తెలియలేదు. ఆమె అతనికి తెలియనివ్వలేదు. మాట్లాడకుండా చాలాసేపు నిలబడే ఉంది. నిండు వెన్నెల్లో ఆరు పేజీలు పట్టిన సంభాషణ, చీకట్లో ఒకటిన్నర పేజీకి వచ్చింది.

కొత్త పుస్తకం ఆవిడకి పంపాను. మళ్ళీ కార్డు వచ్చింది. తప్పులు ఇంకేం పట్టుకుందోనని గుండె దడదడలాడింది. రెండే వాక్యాలు రాసింది.

"చంద్రుడు ఈసారి వేళకే అస్తమించాడు. కానీ ఆ పిల్లని అంతసేపు చలిగాలిలో ఎందుకు నిలబెట్టావమ్మా?"